కొండ వంకే దారి

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు కాచిగూడ స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం నిలబడినప్పుడు మా ఇద్దరి దగ్గర రెండు పెద్ద నల్ల సంచులున్నాయి. చక్రాలు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి కడితే సైకిల్ అలాంటి సంచిలో సరిగ్గా ఇముడుతుంది. రైలు పెట్టెలో చివరి సీటు వెనుక ఖాళీలో దాన్ని నిలబెట్టవచ్చు. బెంచీ మీద మా పక్కనున్న పెద్దమనిషి చాలాసేపు వాటినే చూసి ఆగలేకపోయాడు.

"ఏందమ్మా గివి, కూలర్లా? బెంగళూర్ల చల్లగుంటదంటరు గద!"

"కూలర్లు గావు పెద్దాయనా, సైకిళ్ళు."

"సైకిల్ మీద మీరు పోతరా, మీ మీద సైకిల్ పోతదా? ఏదో ఒకటి జెయ్యున్రి!"

ఆయన ప్రశ్న న్యాయమైనదే. నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఇంజినీరును, మణికొండలో ఉంటాను. రెండేళ్ళ కిందట ఒక ఫ్లైఓవర్ కింద సర్వీసు రోడ్డులో, కంకర మీద సైకిల్ జారి నా ఎడమ చీలమండ విరిగింది. లోపల ప్లేటు వేశారు. ఎముక అతికింది, నడక వచ్చింది, తారు రోడ్డు మీద సైకిలూ వచ్చింది. కంకర మాత్రం తిరిగి రాలేదు. చక్రం కింద రాళ్ళు కదిలిన మరుక్షణం ఎడమ కాలు నా అనుమతి లేకుండానే పెడల్ వదిలి నేలకు దిగిపోతుంది. నా సైకిలేమో గ్రావెల్ బైక్. రేసు సైకిల్‌లాగే వంపు తిరిగిన హ్యాండిల్, దానికన్నా లావు టైర్లు. కంకర కోసమే పుట్టిన బండి. కంకర మీద తొక్కలేని మనిషికి అది దేనికి?

మా టీంలోని కిరణ్ కడపవాడు, మియాపూర్‌లో ఉంటాడు. ఆ సైకిల్ మీద అతనికి ఎప్పటినుంచో మనసు. అమ్ముతానో లేదో సోమవారం చెబుతానన్నాను. పరీక్షకు షరతును ముందే నిర్ణయించుకోవడం నా వృత్తిలో నియమం. బెంగళూరు దగ్గరి నంది కొండల లోయలో, కంకర దారిలో, ఒక్క ఎక్కుడు మొదటి నుంచి చివరి దాకా కాలు దింపకుండా ఎక్కితే సైకిల్ నాది. లేకపోతే కిరణ్‌ది.

నాతో వచ్చిన గ్రేస్ గారు నర్సు. గుంటూరు వైపు వారు, కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. ఆస్పత్రి మంచం మీద నుంచి నన్ను మొదటిసారి దింపి నిలబెట్టింది ఆవిడే. అందుకే ఇప్పటికీ సిస్టర్ అనే పిలుస్తాను. నాకు నడక నేర్పుతూ నేను చెప్పిన సైకిల్ కబుర్లు విని విని, చివరికి తనూ ఒకటి కొనుక్కున్నారు.

రైల్లో ఆవిడ తెచ్చిన పులిహోర తిని పడుకున్నాము. ఉదయం ఆరు దాటాక యలహంకలో దిగి, సంచులను ట్రాలీ ఆటోలో వేసుకుని, కొండ అడుగున ఉన్న నంది గ్రామానికి చేరాము. ముందే ఫోన్‌లో చెప్పి పెట్టుకున్న లాడ్జిలో గది శుభ్రంగా ఉంది. సైకిళ్ళను గదిలోకి తెచ్చుకోనిచ్చారు. ఈ ప్రాంతానికి వచ్చేవారు ఆ ఒక్క సంగతి ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

పడమట ఒకే బండతో చేసినట్టుండే నంది కొండ, తూర్పున గుట్టల వరుసలు, నడుమ ఎర్రమట్టి దారులు. ఆ దారులకు రెండు వైపులా ద్రాక్ష తోటలు. పందిళ్ళు తల ఎత్తున సమంగా పరుచుకుని, లోయకు రెండో నేల వేసినట్టుంటాయి. మాఘమాసం కావడంతో నల్లద్రాక్ష కోతకు వచ్చింది. శనివారం సాయంత్రం తోటల మధ్య కొద్ది దూరం తొక్కి, ఒక చిన్న మిట్ట మీద నా పరీక్ష మొదలుపెట్టాను. మూడుసార్లు ఎక్కాను, మూడుసార్లూ కాలు దిగింది. గదికి వచ్చాక గ్రేస్ గారు, "రేపు ఆదివారమండి. నాకు ఎటూ ప్రార్థన ఉంటుంది. మీ కాలునీ కలుపుతాను," అన్నారు.

ఆదివారం ఆరున్నరకు బయలుదేరాము. టైర్లలో గాలి తారు రోడ్డుకు పెట్టేదానికన్నా నాలుగోవంతు తగ్గించాము. కంకర మీద టైరు రాయిని తన్నకుండా ఒడిసి పట్టుకోవాలంటే అది తప్పనిసరి. ఫోన్‌లో దించుకున్న దారి ప్రకారం గుట్టల వరుసను చుట్టి అవతలి లోయలోకి దిగాలి. గంట గడిచాక ఆ దారికి అడ్డంగా కొత్త కంచె, తాళం వేసిన గేటు, విల్లా ప్లాట్ల బోర్డు ఎదురయ్యాయి.

"గచ్చిబౌలి వదిలేసి వచ్చామనుకున్నానండి," అన్నారు గ్రేస్ గారు. "మనకన్నా ముందే వచ్చేసింది."

పక్క తోటలో ఒకావిడ మోపెడ్‌కు అన్నం క్యారియర్లు కడుతోంది. ఆ తోట ఆవిడదే. పేరు మునిరత్నమ్మ. కన్నడ దేశమే అయినా ఆ పక్క చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే.

"ఏడికి పోతా ఉండారమ్మా, ఈ ఎండ్రకాయ సైకిళ్ళేసుకోని?" అంది. ఎండ్రకాయ అంటే పీత. వంపు హ్యాండిళ్ళు ఆవిడకు పీత డెక్కల్లా కనిపించాయి.

"అవతలి లోయకక్కా. గేటు ఏసిన్రు గద."

"గేటుతో మీకేం పని? కొండ వంకే దారి. వంక ఇడవకుండా పోండి. మెత్తని దారి, కాలునొప్పి గూడా తెలీదు."

మా చర్చ అరనిమిషంలో ముగిసింది. "కొండ వంక అంటే కొండ వైపేనండి. నా వంక చూడు అంటాం కదా," అన్నారు గ్రేస్ గారు. "మేము 'దిక్కు' అంటం. సరే, కొండ దిక్కే పోదాం పాండ్రి," అన్నాను. ఎదురుగా కొండ ఉంది. దాని మీదికి ఒక బాట నిటారుగా ఎక్కుతూ ఉంది. సందేహించడానికి కారణమే లేదు.

మొదట బాట సౌమ్యంగానే ఉంది. తరువాత హ్యాండిల్ మీది మీటరులో వాలు ఎనిమిది శాతం, ఆపైన పన్నెండు చూపించింది. పలుగురాళ్ళు, వాన కోసిన చాళ్ళు. అన్నిటికన్నా చిన్న గేరు వేసి, సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీ వంచి తొక్కాను. తప్పించుకోవలసిన రాయిని కాదు, చక్రం వెళ్ళవలసిన చోటును చూడాలి. మునిరత్నమ్మ చెప్పిన మెత్తని దారి తరువాతి మలుపులో వస్తుందని గట్టిగా నమ్మాను. ఆ మలుపూ దాటింది. పదిహేను శాతం.

"మెత్తని దారేది సిస్టర్?"

"వస్తుందండీ! కాలు పైనే ఉంచండి!" అని వెనుక నుంచి కేక.

చివరి మలుపులో వెనుక చక్రం జారింది. ఎడమ మడమ పెడల్ మీద నుంచి లేచింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ వేరుగా కనిపిస్తుంది: మడమ గాలిలో ఉంది, కింద రాళ్ళు దొర్లుతున్నాయి, కుడి కాలు మాత్రం తొక్కడం ఆపలేదు. టైరు రాయిని పట్టుకుంది. మడమ మళ్ళీ దిగింది, నేల మీదికి కాదు, పెడల్ మీదికి.

పైన చదునైన బండ. దాని మీద రెండు చుట్లు తిరిగాను. దిగబుద్ధి కాలేదు. రెండు లోయలు, ఆ రెంటిలోనూ పందిళ్ళు, నేను గాలి చాలక నవ్వుతున్నాను. కాసేపటికి గ్రేస్ గారు సైకిల్ తోసుకుంటూ వచ్చారు.

"మీరెక్కడ దిగిన్రు?"

"సగం కూడా రాకముందేనండి. చెబితే మీరూ దిగేస్తారని నడుస్తూనే కేకలేశాను."

అవతలి లోయలోకి జాగ్రత్తగా దిగేసరికి మునిరత్నమ్మ అక్కడి తోటలో కూలీలకు అన్నం పెడుతోంది! మమ్మల్ని చూసి గరిటె పట్టుకునే నిలబడిపోయింది.

"ఏమ్మా, వంకలో పొమ్మంటే కొండెక్కి దిగినారా! మేకలు గూడా ఆ పక్క పోవే!"

ఆవిడ చూపించిన వైపు, రెండు గుట్టల మధ్య నుంచి ఎండిన ఏటిదారి ఒకటి సన్నని ఇసుకతో మెత్తగా మెరుస్తోంది. దానిలో మోపెడ్ చక్రాల గుర్తు తాజాగా ఉంది.

"అది వాగు కదండీ!" అన్నారు గ్రేస్ గారు.

"మీకు వాగు, మాకు వంక. మీ ఊర్లో వంకలు లేవా?"

"ఉన్నయక్కా," అన్నాను. "మేం పని తప్పించుకోనీకి చెప్పేటివి."

పందిరి కింద అందరూ నవ్వారు. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి రాగిసంగటి, అనపగింజల పితికిపప్పు వడ్డించింది. పైనుంచి ఒక గుత్తి కోసి నా ఒడిలో వేసి, "కొండెక్కినదానికి," అంది. తిరుగుదారిలో వంకలోనే వచ్చాము. ఇసుకలో చక్రం ఎన్నిసార్లు వంకర తిరిగినా ఎడమ కాలు తన చోట తాను ఉంది.

ఈ లోయకు వచ్చేవారికి నా సలహా ఇది. తేలికగా సాగాలంటే వంకలో వెళ్ళండి, వానాకాలంలో మాత్రం వద్దు. కొండ బాట కఠినం. కాని రెండు లోయలు ఒకేసారి కనిపించేది దాని మీది నుంచే.

సోమవారం తెల్లవారాక రైలు కాచిగూడకు చేరువవుతుండగా కిరణ్ ఫోన్ చేశాడు. సైకిల్ సంగతి అడిగే ముందే జరిగిందంతా చెప్పాను. అవతల పెద్ద నవ్వు.

"అయ్యో అక్కా, వంకంటే మా పక్క వాగే గదక్కా! నన్నొక్క మాట అడిగింటే సరిపోయేది."

"అడిగితే వాగులకెల్లి పోతుంటి, తమ్మీ. కొండ ఎక్కకపోతుంటి."

"అంటే సైకిల్ ఇయ్యవు. ఏదో ఒక వంక చెప్తావులే ఇంగ."

"లేదు తమ్మీ," అన్నాను, సంచిని భుజానికి ఎత్తుకుంటూ. "అమ్ముదామంటే ఒక్క వంక గూడ దొరకలే."