కుజుడి మీది శివారు భూములు

కిందటేడు శ్రావణమాసం. విజయవాడ గవర్నర్‌పేటలో మేడమెట్ల కింద ఉన్న మా బైండింగ్ షాపు. నా పేరు రత్నకుమారి. పెళ్లయి వచ్చాక మామగారి దగ్గర పని నేర్చుకుని, ముప్పై మూడేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను. "బైండింగేగా, అట్ట అతికించడమేగా" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకంలో ఏముందో రాసినవాళ్లకు తెలుస్తుంది; అట్టలో ఏముందో మాకే తెలుస్తుంది అని గొప్పలు పోయేదాన్ని. ఆ గొప్ప ఎంతపని చేసిందో చెబుతాను.

అప్పుడు మా చేతిలో ఉన్న పెద్ద పని పురుషోత్తంగారి రచనలు. ఆయన ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. పగలు చెరుకురసంలో తీపి కొలిచి, సాయంత్రాలు సైన్స్ ఫిక్షన్ రాసేవారు. కథలకో సంపుటం, వ్యాసాలకో సంపుటం, నవలలకో సంపుటం అనుకున్నారు. మొదటి రెండింటి ఫారాలు ప్రెస్సు నుంచి వచ్చేశాయి. ఫారం అంటే పదహారు పేజీల మడత. వాటిని వరసగా పేర్చి కుడితేనే పుస్తకం అవుతుంది. మడతలు పెడుతూ చదవడం నాకు పాత జబ్బు. ఆయన కథల్లో రోబో కూడా "ఏవండీ, కాఫీ తాగారా?" అని అడిగాకే పనిలోకి దిగుతుంది. నవ్వుకుంటూ మడతపెడితే పనీ తొందరగా సాగేది.

నవలల సంపుటం దగ్గరే బండి ఆగింది. 'కుజుడి మీద కాలువ' అని ముప్పై ఏళ్ల కిందట ఓ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మన డెల్టాలో కాలువ నీళ్లను ఆపి వదిలే లాకులు చూసుకునే సాంబయ్య అనే ఉద్యోగిని కుజగ్రహం మీదికి పంపుతారు, అక్కడ కాలువ తవ్వించి సాగునీళ్లు పారించమని. అందరి పొలాలూ తడుస్తాయి. కాలువ చిట్టచివర ఉన్న శివారు భూములకు నీళ్లు అందాయా లేదా అన్నది చివరి వారం తేలాలి. ఆ చివరి వారమే దొరకలేదు. పత్రిక ఎప్పుడో మూతపడింది. ఆయన దాచుకున్న కాగితాలను చెదలు తినేశాయి. లైబ్రరీల్లో ఆ ఒక్క సంచికే లేదు. పబ్లిషరు తెగేసి చెప్పాడు: సోమవారంలోగా కొత్త ముగింపు ఇవ్వాలి, లేదంటే ఆ నవల తీసేసి మిగతావి అచ్చేస్తాం అని.

శనివారం పొద్దున్నే పురుషోత్తంగారు అట్టకు వేసే కాలికో గుడ్డ రంగు చూసుకోవడానికి షాపుకొచ్చారు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రాసేయండి సార్, మీ నవలేగా" అన్నాను.

"అమ్మాయ్, అది రాసినవాడికి నలభై ఆరేళ్లు. నాకు డెబ్బై ఆరు. వాడేం రాశాడో నాకు గుర్తులేదు. ఇప్పుడు నేను రాస్తే నీళ్లు సగం దారిలోనే ఇంకిపోతాయి. నిన్న రాయడానికి కూర్చుంటే అదే వచ్చింది. చింపేశాను" అన్నారు. అన్ని పుస్తకాల్లోకీ ఆ ఒక్క నవలంటేనే ఆయనకు ప్రాణం.

ఆ సీరియల్ దాచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆయన వాట్సాప్‌లో అడిగితే ఒకావిడ పలికారట. గన్నవరంలో ఉండే శారదగారు, సైన్స్ టీచరుగా చేశారు. ఆవిడ దగ్గరా చివరి వారం లేదట; అయినా ఓసారి చూద్దామని, పుస్తకం తీసుకుని మా షాపుకే రమ్మని ఆయన చెప్పారు. పదకొండింటికి ఆటో దిగారావిడ. అప్పట్లో ఆడవాళ్లు చాలామంది చేసిన పనే ఆవిడా చేశారు: వారంవారం సీరియల్ పేజీలు కత్తిరించి, పరుపు కింద దాచి, అయిపోయాక బైండు చేయించుకోవడం. పుస్తకం బల్ల మీద పెట్టి, తలెత్తి నన్ను చూశారు.

"మీరా! ఈ పుస్తకం కుట్టింది మీరేనండీ! ముప్పై ఏళ్లుగా మీకోసమే చూస్తున్నా. నా చివరి పేజీ ఏం చేశారు?"

నాకు చర్రున కోపం వచ్చింది. "మా షాపులో కాగితం పోదండీ. మీరే ఇచ్చుండరు."

"ఇవ్వకపోవడమేంటి! ఇరవై ఆరు వారాలూ లెక్కపెట్టి ఇచ్చా. బైండు చేశాక చదువుకోవచ్చులే అని చివరి వారం చదవను కూడా చదవలేదు. అడుగుదామని వస్తే షాపు మూసుంది. తర్వాత మాకు బదిలీ అయిపోయింది."

పుస్తకం తిరగేశాను. ఇరవై ఐదో వారంతో ఆగింది. కుట్టు నాదే, అనుమానం లేదు. ఏ కాగితమూ చిరిగి ఊడలేదు.

"ఆ చివరి కాగితం ఎలా ఉండేదండీ?" అని అడిగాను, కాస్త గొంతు తగ్గించి.

"ఒక్క కాగితమేనండీ. ఇటువైపు కథ. అటువైపు పేజీ నిండా తలనూనె ప్రకటన."

తలనూనె! మోకాళ్ల దాకా జడ ఉన్న అమ్మాయి బొమ్మ కళ్ల ముందు మెదిలింది. ఆ జడ చూసి నేను కుళ్లుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది. ఎక్కడ చూశానో కూడా తట్టింది. చేత్తో మైదా జిగురు రాస్తూ చూశాను.

మా పనిలో లైనింగ్ అని ఒకటుంది. కాలికో వేసిన అట్ట ఆరేటప్పుడు బయటికి వంగిపోకుండా లోపలివైపు ఓ పనికిరాని కాగితం అతికించి, దానిమీద తెల్లకాగితం వేస్తాం. కట్టకు అడుగున ప్రకటన బయటివైపుకు కనిపిస్తుంటే, అది పేజీలు చుట్టి తెచ్చిన వేస్టు కాగితమనుకున్నాను. పనిలోకొచ్చి మూడేళ్లే, చేతివేగం చూపించాలనే దూకుడు. రెండోవైపు తిప్పి చూడలేదు.

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ పెద్దాయన మొహం చూస్తే అబద్ధం రాలేదు. "తప్పు నాదేనండీ. ఆ పేజీ ఈ వెనక అట్టలో ఉంది. నేనే అతికించాను" అని చెప్పేశాను.

పురుషోత్తంగారు స్టూలు ముందుకు జరుపుకున్నారు. "వస్తుందా అమ్మాయ్?"

"ఇప్పటి తెల్లగమ్మయితే ఆశ వదులుకునేవాళ్లం సార్. ఇది మైదా జిగురు, తడికి లొంగుతుంది. పైగా మామగారు అందులో మైలతుత్తం కలిపేవారు. అందుకే పురుగు ముట్టలేదు."

వెనక అట్ట లోపలివైపు తడిగుడ్డ పరిచాను. పది నిమిషాలకోసారి తీసి, పలచని ఎముకబద్దతో అంచు కదిపి చూడటం, మళ్లీ పరచడం. ముందు తెల్లకాగితం వచ్చింది. కింద జడ అమ్మాయి, కాస్త పసుపెక్కింది. ఇంకో గంటకు ఆ అమ్మాయి కూడా లేచి వచ్చింది. తిప్పి అద్దం పలక మీద పరిచాను. ప్రతి అక్షరం కనిపిస్తోంది. అడుగున 'సమాప్తం' అని ఉంది.

"నాకు కళ్లు ఆనడం లేదు, మీరు చదవండి" అన్నారు పురుషోత్తంగారు. శారదగారు పైకి చదివారు, క్లాసులో పాఠం చదివినట్టు. సాంబయ్య చివరి లాకు ఎత్తుతాడు. చాలాసేపు ఏమీ రాదు. తర్వాత ఎర్రమట్టిని తడుపుకుంటూ నీళ్లు శివారుకు చేరతాయి. సాంబయ్య అరుస్తాడు: "వచ్చేశాయిరోయ్! నారు పోసుకోండి!"

పెద్దాయన చప్పట్లు కొట్టారు. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. "ఎంత ధైర్యంగా రాశాడండీ వాడు! నేనైతే ఎండగట్టేసేవాణ్ణి!"

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందండీ" అన్నారు శారదగారు. "ముప్పై ఏళ్లు నా బీరువాలోనే ఉందన్నమాట. కుజుడి మీద వాళ్లకి నీళ్లు రాలేదని మా ఆయనతో ఎన్నిసార్లు వాదించానో!" ఇక పట్టలేక ముగ్గురం పడీపడీ నవ్వాం. పక్కషాపువాళ్లు తొంగిచూశారు.

సోమవారం నవల పూర్తిగా ప్రెస్సుకు వెళ్లింది. శారదగారి పాత పుస్తకాన్ని నేనే మళ్లీ కుట్టి, ఆ కాగితాన్ని దాని చోట్లో పెట్టాను. అప్పటినుంచి చిత్తుకాగితమైనా రెండోవైపు తిప్పి చూడందే జిగురు రాయను. ఆ రోజు నేర్చుకున్నది ఇదొక్కటే, అందుకు ముప్పై ఏళ్లు పట్టింది.

నేను కుట్టిన కొత్త సంపుటాల్లో మొదటి కాపీ మీద పురుషోత్తంగారు నా కోసం సంతకం చేశారు: 'శివారుకు నీళ్లు తెచ్చిన రత్నకుమారికి' అని.

పక్కనే ఉన్న శారదగారు ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్లు లాకు మూసి పెట్టింది కూడా ఈవిడేనండీ, అదీ రాయండి!"

ఆయన నవ్వి, కలం మూత మళ్లీ తీసి, అదీ రాశారు.