బోర్డు మీది నాలుగు కంపెనీలు

కోతలు కోయడంలో నన్ను మించినవాడు ఈ లోకంలో ఒక్కడే, మా మామయ్య. పదో తరగతి కూడా పూర్తి చేయని నేను ఇంత మాటకారినయ్యానంటే అదంతా ఆయన దగ్గర చేసిన శిష్యరికమే.

కుర్చీలకు స్ప్రింగులు చుట్టే కార్ఖానా ఆయనది. ఒక రేకుల షెడ్డు, ఆరుగురు పనివాళ్లు, తను దగ్గితే షెడ్డంతా దగ్గించే ముసలి యంత్రం. గేటు మీది బోర్డు మాత్రం లారీ అంత. కంపెనీ పేరు కింద 'మా అనుబంధ సంస్థలు' అని నాలుగు పేర్లు: వైర్లు, పనిముట్లు, ప్యాకింగు, ట్రాన్స్‌పోర్టు. ట్రాన్స్‌పోర్టు అంటే సైకిలు. ప్యాకింగు అంటే అత్తయ్య.

ఒకరోజు ఆ యంత్రం ఇక తిరగనని మొరాయించింది. కొత్తది కొనాలంటే బ్యాంకు అప్పు కావాలి. రాకపోతే షెడ్డుకి తాళమే. అప్పు ఒప్పందంలో ఒక పేజీ నిండా మామయ్య ఇవ్వాల్సిన హామీలున్నాయి: కంపెనీ చట్టప్రకారం నమోదైంది, నేటికీ నడుస్తోంది, దానికి అనుబంధ సంస్థలేవీ లేవు. ఆయన చదవకుండానే సంతకం గీకేశాడు.

మర్నాడు షెడ్డు చూడ్డానికొచ్చిన బ్యాంకు మేనేజరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏమీ లేవని సంతకం పెట్టారు. ఇక్కడ నాలుగున్నాయి. ఏది నిజమండీ?"

"అంటే మేడమ్, ఒకరకంగా ఉన్నట్టే..."

"ఉంటే కాగితాలు తెండి, ఒప్పందం మార్చి రాద్దాం. లేకపోతే బోర్డు మార్చండి. రెండు రకాలుగా చెప్పేవాళ్లకి అప్పివ్వలేను."

పనివాళ్లు ఆరుగురూ చేతిలో పని ఆపేశారు. ఆ నాలుగు కంపెనీల గొప్పలు వాళ్లు ఏళ్లుగా వింటున్నారు మరి.

"చెప్పండి," అంది అత్తయ్య. "ప్యాకింగు కంపెనీకి జీతమెప్పుడిచ్చారో అదీ చెప్పండి."

మామయ్య నేలచూపులు చూశాడు. "లేవండీ. ఉన్నది ఇదొక్కటే." ఆ ముక్క ఆయన నోట్లోంచి ఊడిపడేలోపు నేనైతే ఊరు రెండుసార్లు చుట్టొచ్చేవాణ్ణి.

ఆయనే నిచ్చెన వేసుకుని నాలుగు పేర్ల మీదా తెల్లరంగు పూశాడు. ఈలోగా అత్తయ్య బీరువాలో చీరల అడుగునుంచి కంపెనీ నమోదు పత్రం తెచ్చింది. ఇరవై రెండేళ్లనాటిది. ఏటేటా కట్టిన రుసుముల రశీదులన్నీ దారంతో కుట్టి ఉన్నాయి. మేనేజరమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఉన్న ఒక్కటీ గట్టిగానే ఉంది," అంది.

కొత్త యంత్రం వచ్చింది. బోర్డు మీద ఆ తెల్లమచ్చ ఏంటని ఎవరైనా అడిగితే మామయ్య బరువుగా నిట్టూరుస్తాడు.

"నాలుగు కంపెనీలు మూసేసి దీన్ని నిలబెట్టానండీ."

"ఆ మూసేసిన ట్రాన్స్‌పోర్టుకి కాస్త గాలి కొట్టించుకు రండి," అంటుంది లోపల్నుంచి అత్తయ్య.