తేదీ లేని రాజీనామా

మా ఎయిడెడ్ హైస్కూల్లో చేరిన రోజే రెండు కాగితాల మీద సంతకం పెట్టాలి. ఒకటి జాయినింగ్ రిపోర్టు, రెండోది రాజీనామా. రాజీనామాలో అన్నీ ఉంటాయి, తేదీ ఒక్కటే ఉండదు. బడి నడిపే కరస్పాండెంటు ఆ కాగితాలన్నీ తన గదిలో ఇనుప బీరువాలో దాచుకుని, ఏ పంతులు నచ్చకపోతే ఆ పంతులు కాగితం మీద తేదీ వేసేవాడు. జీతం ప్రభుత్వానిది, మెడ మాత్రం ఆయన చేతిలో. డెబ్బైల చివర్లో నేనక్కడ సోషల్ మాస్టరును, పంతుళ్ళ సంఘానికి తాలూకా కార్యదర్శిని. నా కాగితమూ ఆ బీరువాలోనే ఉండేది.

అప్పట్లో రాష్ట్రంలోని బడులన్నిటికీ కలిపి కొత్త చట్టం రాబోతోందన్నారు. విద్యాశాఖ అధికారి ఎదుట స్వయంగా ఇవ్వని రాజీనామా చెల్లదని అందులో రాయించాలని మా సంఘం పట్టుబట్టింది. బిల్లును పరిశీలించే ఎమ్మెల్యేల కమిటీ అనంతపురం వస్తోందని కబురొచ్చింది. మెమొరాండం నేనే రాశాను, బాగానే రాశాను. కానీ కమిటీ ముందు నిలబడి "నాతో ఇట్లా రాయించుకున్నారు" అని చెప్పే మనిషి ఒకడు కావాలి. సంఘం మీటింగులో ఆ మాట ఎత్తగానే అందరూ నేల చూశారు. పిల్లి మెడలో గంట కట్టమంటే ఎలుకలు కూడా అంత సిగ్గుపడి ఉండవు.

మూలన మా బడి డ్రిల్లు మాస్టరు కూర్చుని ఉన్నాడు. ధర్మవరం మగ్గం ఇంటివాడు. వాళ్ళ వంశంలో మగ్గం గుంటలోంచి కాళ్ళు బయటికి తీసి బూట్లు తొడుక్కున్న మొదటి మనిషి ఇతనే. ఆ తెల్లబూట్లకు రోజూ సుద్దముక్క రుద్దుకుని వచ్చేవాడు. గొంతు పెద్దది కాబట్టి ఊరేగింపుల్లో నినాదాలు ఇతనివే. బుర్ర సంగతి మేం వెనక నవ్వుకునేవాళ్ళం. నా చూపు అతని మీద ఆగింది.

"నువ్వే చెప్పొచ్చు గదన్నా? నీకి మాటలొస్తాయి" అన్నాడు.

"నేను జెప్తే సంఘం మాట అంటారప్పా. నువ్వు జెప్తే మనిషి మాటయితాది. నీ పేరు బయటికి రాదు, నాది పూచీ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టరు, తమ మెడలు తప్పించుకున్నాయిగా. ఆ వాక్యం నాకూ నచ్చింది. నా భయాన్ని అంత అందంగా మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు.

ట్రావెలర్స్ బంగళాలో కమిటీవాళ్ళు మజ్జిగ తాగుతూ విన్నారు. అతను సావధాన్‌లో నిలబడి, బీరువా ఏ గోడకుందో, దాని తాళంచెవి ఏ మొలతాడుకు వేలాడుతుందో కూడా చెప్పాడు. ఒక సభ్యుడు పెన్ను ఆపి, "ఇదంతా నిజమేనా?" అన్నాడు. "మా నాయన మీద ఒట్టు సార్" అన్నాడు ఇతను. నా మెమొరాండం పేజీలన్నీ కలిసి చేయలేని పని ఆ ఒట్టు చేసింది.

మన ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్ళకే దాన్ని పంపి, మీ రిమార్కులు తెలపండి అంటారు. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు. అతని వాంగ్మూలం పేరుతో సహా మా కరస్పాండెంటు బల్ల మీదికి వచ్చింది. ఇట్లా జరుగుతుందని నాకు ముందే తెలుసు. పూచీ ఇచ్చినప్పుడూ తెలుసు. కరస్పాండెంటు బీరువా తెరిచి అతని రాజీనామా మీద తేదీ వేశాడు. కమిటీ వచ్చిన రోజుది కాదు, దానికి ముందు రోజుది. అంటే మాట్లాడేనాటికే అతను పంతులు కాదు, కడుపుమంటతో వచ్చిన మాజీ ఉద్యోగి. రిమార్కుల్లో అదే రాసి పంపాడు. కమిటీ ఆ జవాబును నమ్మలేదట. అయితే పోయిన ఉద్యోగం ఇప్పించడం కమిటీ పని కాదట.

ఆ ఏడు వానల్లేవు. ఎప్పుడున్నాయి గనక. డ్రిల్లు మాస్టరు బెళుగుప్ప వైపు కరువు పనుల్లో మట్టి మోశాడు. మేం హైదరాబాదు చుట్టూ తిరిగాం. పాత రాజీనామాలకు కూడా ఈ నియమం వర్తించాలని మా ముసాయిదాలో ఒక వాక్యం ఉండేది. "దీన్ని పట్టుకుని కూర్చుంటే యాజమాన్యాలు కోర్టుకెక్కుతాయి, బిల్లే ఆగిపోతుంది. తీసెయ్యండి" అన్నారు అక్కడి నాయకులు. మా తాలూకాలో ఆ వాక్యం ఎవరి బతుకో నాకు తెలుసు. కొట్టేసింది నేనే, నా పెన్నుతోనే. తర్వాత కాఫీ తాగాను. తిరుగు రైల్లో గుంతకల్లు దాకా హాయిగా నిద్రపోయాను.

చట్టం వచ్చింది. ఊరేగింపులో నా మెడలో బంతిపూల దండ వేశారు. డ్రిల్లు మాస్టరు పని నుంచి మట్టికాళ్ళతోనే వచ్చి అందరికంటే గట్టిగా నినాదాలిచ్చాడు. నేను దండ తీసి అతని మెడలో వేశాను. చెవి దగ్గరికి వంగి, "సోమారం నుంచి రావల్లనా అన్నా?" అని అడిగాడు. చుట్టూ జనం చూస్తున్నారు.

"రాప్పా" అన్నాను.

ఈలోపు కరస్పాండెంటు ఎవరి కాగితాలు వాళ్ళకు తిరిగిచ్చేశాడు. నాది నేను చించి పారేశాను. సోమవారం ప్రేయరు వేళకు డ్రిల్లు మాస్టరు వచ్చాడు. సుద్ద రుద్దిన బూట్లు, మెడలో ఈల. గేటు మూసి ఉంటే బయటే నిలబడి ఈల ఊదాడు. పిల్లలు అలవాటుకొద్దీ వరసలు కట్టి సావధాన్‌లో నిలబడ్డారు. కరస్పాండెంటు కిటికీలోంచి నన్ను పిలిచి, "మీ చట్టం మీరే చదివి చెప్పండి సార్. మాకేం తెలుసు" అని నవ్వాడు.

గేటు దాకా వెళ్ళాను. "చట్టం వచ్చినాక ఇచ్చిన రాజీనామాలకే అదప్పా. నీది ముందుది. నీకి వర్తించదు."

"నేను జెప్పినందుకే గదన్నా ఆ మాట రాసినారు?"

"అవు."

"మరి నన్ను యాడ ఇడిసిపెట్టినారన్నా?"

"హైదరాబాదులో" అన్నాను. అది అబద్ధం కాదు.

అప్పుడు నాకు కలిగింది జాలి కాదు, చిరాకు. ఎండలో పిల్లలు అట్లాగే నిలబడి ఉన్నారు. అతను చెప్పనిదే కదలరు. "ముందు వాళ్ళను పంపిచ్చి పో" అన్నాను.

అతను మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. గేటు ఊచల అవతలి నుంచే ఆ పెద్ద గొంతుతో "విశ్రామ్! డిస్పర్స్!" అని అరిచాడు. పిల్లలు క్లాసులకు వెళ్ళారు. నేను హాజరు పట్టీ తీసుకుని వాళ్ళ వెనకే వెళ్ళాను.