హెచ్ సున్నా అయ్యే చోట

మా స్కూల్లో ఆ పిల్లని అందరూ నూరు అనే పిలిచేవారు. పదో తరగతి లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న రోజు నుంచి అదే పేరు స్థిరపడిపోయింది. వాళ్ళమ్మ కూడా ఇంట్లో అలాగే పిలిచేదట.

నేను పదకొండు, పన్నెండు తరగతులకి లెక్కలు చెబుతాను. నాకు నోరు పెద్దదని నాకూ తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. అది నేను పాఠం చెప్పే తీరు వల్లేనని మురిసిపోయేదాన్ని. పిల్లలు భయపడుతున్నారని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

నూరు వాళ్ళ నాన్న కళ్ళద్దాల లెన్సులు అరగదీస్తాడు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. ముందు గదిలో పొద్దస్తమానం తిరిగే చక్రం, దాని మీద సన్నగా కారే నీళ్ళు, పక్కన గిన్నెలో మెరుగు పెట్టే ఎర్రటి పొడి. కళ్ళ డాక్టర్ల దగ్గర నుంచి చీటీలు వస్తాయి, వాటిలో అంకెలుంటాయి. ఆ అంకెలకి తగ్గట్టు ఆయన అద్దాన్ని అరగదీస్తాడు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలని, లెన్సులు తయారుచేసే లెక్క తనే వేయాలని నూరు కోరిక. ఆ చదువు చదవాలంటే పన్నెండో తరగతి దాకా లెక్కలు ఉండి తీరాలి.

పదకొండులో చేరిన నెలకి మొదటి పరీక్ష పెట్టాను. నూరుకి పదకొండు మార్కులొచ్చాయి.

"ఏమ్మా, నూరు కాస్తా పదకొండైంది. పేరు మార్చమంటావా?" అన్నాను పేపరు చేతికిస్తూ. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది.

క్లాసయ్యాక పిలిచి అడిగాను. "పదిలో నూరు ఎలా వచ్చింది నీకు?"

"పుస్తకంలో లెక్కలన్నీ బట్టీ పట్టాను మేడం."

"అన్నీనా?"

"నాలుగు వందల పన్నెండు. ప్రశ్నలో అంకె మారిస్తే, నేనూ ఆ లైన్లో అంకె మార్చేదాన్ని." పదకొండో తరగతి పుస్తకం తెరిచి చూపించింది. "ఇక్కడ అసలు అంకెలే లేవు మేడం. అన్నీ అక్షరాలే."

నవ్వొచ్చింది గానీ, జాలి కూడా వేసింది. పదికీ పదకొండుకీ మధ్య ఒక్క మెట్టేననుకుని కాలు వేస్తారు పిల్లలు. కింద నేల తగలదు. అర్ధసంవత్సర పరీక్షలో ముప్ఫై ఐదు రాకపోతే లెక్కల సెక్షన్లో ఉంచరు, అది మా స్కూలు పద్ధతి. ఆ సంగతి చెప్పి, పాత నోట్సుల బీరువా చూసుకోమన్నాను.

వరండా చివర ఉంటుంది ఆ బీరువా. చదువు ముగించి వెళ్ళేవాళ్ళు తమ నోట్సు అందులో పెట్టి వెళతారు. కొత్తవాళ్ళు కావలసింది తీసుకుంటారు. ఎవరి తప్పులు చూసి ఎవరూ వెక్కిరించకుండా అట్ట మీద పేరు కత్తిరించేస్తారు. నూరు అందులో అన్నిటికంటే లావుపాటి నోట్సు ఏరుకుంది.

రెండు వారాలు తిరిగేసరికి ఆ పిల్ల హోంవర్కులో ఒక్క తప్పు లేదు. నేను సంబరపడ్డాను కూడా. తరవాత తరవాత ఆ కాగితాలు చూస్తుంటే ఏదో ఇబ్బందిగా ఉండేది. ఏడు అంకె నడుముకి అడ్డగీత వచ్చింది. ఎక్స్ రాస్తే రెండు అరచందమామలు వీపులానించుకున్నట్టు ఉండేది. గుండ్రటి రాత కాస్తా వెనక్కి వాలిపోయింది. ఆ రాత నేను ఎక్కడో చూశాను. ఎక్కడో మాత్రం తట్టలేదు.

పైగా సిరా అలుక్కుపోయేది. ప్రతి లైనూ ఎడమ నుంచి కుడికి ఒకే తీరుగా మసకబారేది.

అప్పటిదాకా ముందు వరసలో కూర్చునే పిల్ల, ఒక సోమవారం వెళ్ళి కిటికీ పక్కన మూడో బెంచీలో కూర్చుంది. ఎవరూ మారమనలేదు. ఎందుకు మారావంటే, "ఇక్కడైతే రాయడం కుదురుతోంది మేడం" అంది. నేను బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల తల వంచుకుని రాస్తోంది. ఎడమచేత్తో.

దగ్గరికి వెళ్ళాను. చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా సిరా నల్లగా అంటుకుని ఉంది.

"నీది కుడిచెయ్యి వాటం కదూ?"

తన చేతి వంక చూసుకుంది. "నోట్సులో ఉన్నట్టే రావాలంటే ఈ చేత్తోనే వస్తోంది మేడం" అంది.

అప్పుడు గుర్తొచ్చాడు. పన్నెండేళ్ళ కిందట ఆ బెంచీలోనే కూర్చునేవాడు ఒక కుర్రాడు. అందరూ వాణ్ణి ఎడమచెయ్యి అనే పిలిచేవారు. చురుకైనవాడు, నాలుగు నెలలు చదివి మధ్యలో మానేశాడు. ఆ లావుపాటి నోట్సు వాడిదే అయ్యుండాలి. రాత సంగతంటే నోట్సు చూసి వచ్చిందనుకున్నా, ఆ బెంచీ సంగతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నోట్సు తెప్పించుకుని చూడొచ్చు. చూడలేదు. చూడాలంటే భయమేసింది. సిలబస్ అవలేదన్న సాకు చేతిలో ఉండనే ఉంది.

అర్ధసంవత్సర పరీక్ష మధ్యాహ్నం పెట్టారు. బయట ముసురు, గదిలో పట్టపగలే లైట్లు వేశారు. కాపలా నేనే. నూరు మొదటి గంటా తల ఎత్తలేదు. గంటన్నర అవుతుండగా కలం మూత పెట్టి, కాగితాల అంచులు సరిచేసి, నా బల్ల మీద అంచుకి అంచు కలిసేలా పెట్టి వెళ్ళిపోయింది. ఇంకా గంటన్నర టైముంది. పిలిచాను. వెనక్కి తిరగలేదు.

గది ఖాళీ అయ్యాక ఆ పేపరు తీశాను. మొదటి ఐదు లెక్కలూ సరిగ్గా ఉన్నాయి. ఆరోది అవకలనం, ఎక్స్ స్క్వేర్ ఎంత వేగంతో మారుతుందో కనుక్కునే లెక్క. ఎక్స్‌ని హెచ్ అంత పెంచాలి, తేడా తీయాలి, ఆ తేడాని హెచ్‌తో భాగించాలి. అంతా చక్కగా చేసి, రెండు ఎక్స్ ప్లస్ హెచ్ దాకా వచ్చింది. ఆ తరవాత హెచ్‌కి బదులు సున్నా వేస్తే లెక్క అయిపోతుంది. వేయలేదు. కింది లైన్లో 'ఈజ్ ఈక్వల్ టు' గుర్తు పెట్టి ఇలా రాసింది:

'ప్రతిదానికీ ఎందుకని అడిగేవాళ్ళకి లెక్కలు అబ్బవు. ఇక్కడితో ఆపేయ్.'

ఆ మాటలు నావి. పన్నెండేళ్ళ కిందట ఇదే గదిలో ఆ ఎడమచెయ్యి కుర్రాడితో నేనన్న మాటలు. అప్పటికి ఈ పిల్లకి నాలుగేళ్ళుంటాయి. మూడో బెంచీ వైపు చూశాను. చెక్క మీద సిరా మరక ఉంది. వెళ్ళి ముట్టుకుంటే వేలికి అంటింది. ఇప్పుడే ఆ పిల్ల చేతి నుంచి అంటిందేలే అని పైకే అనుకుని, ఆ ఖాళీ గదిలో నా గొంతు నాకే వినిపించి, గబగబా బయటికి వచ్చేశాను.

ఐదు లెక్కలకి ముప్ఫై మార్కులు. ఐదు తక్కువ.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న స్కూలుకి వచ్చాడు, వెనకాలే నూరు. ఆయన చేతిలో సబ్జెక్టు మార్చుకునే ఫారం ఉంది.

"లెక్కలు మానేస్తానంటోంది మేడంగారూ. ఇక్కడితో ఆపేయాలట. ఎందుకమ్మా అంటే, నోట్సు అక్కడితో అయిపోయిందంటుంది. నాకేం బోధపడట్లేదు. నెలరోజులుగా రాస్తున్నప్పుడు పేరు పెట్టి పిలిచినా పలకదు. వాళ్ళమ్మ హడలి చస్తోంది. మీరో సంతకం పెడితే ఈ గోల వదిలిపోతుంది."

"ఆ నోట్సేదీ?" అన్నాను.

నూరు తీసిచ్చింది. ఆఖరి పేజీ తిప్పాను. రెండు ఎక్స్ ప్లస్ హెచ్. కింద ఈజ్ ఈక్వల్ టు. పక్కన నా మాటలు. ఆ తరవాత నోట్సు అంతా తెల్లకాగితాలే. ఆ కుర్రాడు నేనన్న మాటని లెక్కలో తరవాతి లైనుగా రాసుకుని, పుస్తకం మూసి, బీరువాలో పడేసి వెళ్ళిపోయాడన్నమాట.

"ఇది లెక్క కాదు కదమ్మా. నీకు తేడా తెలీలేదూ?"

"మిగతా లైన్లు మాత్రం ఏంటో తెలిసే రాశానా మేడం?" అంది నూరు.

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఫారం పక్కన పెట్టి ఇద్దరినీ ఖాళీ క్లాసులోకి తీసుకెళ్ళాను. ఆ పిల్ల తిన్నగా వెళ్ళి మూడో బెంచీలో కూర్చుంది. నేను లెక్కని బోర్డు మీద మొదటినుంచి చేసుకుంటూ వచ్చి, రెండు ఎక్స్ ప్లస్ హెచ్ దగ్గర ఆగాను.

"ఇప్పుడు చెప్పు. నోట్సు వదిలెయ్. ఇక్కడ నీకేమనిపిస్తోంది?"

బోర్డు వైపు వేలు చూపిస్తూ అడిగింది.

"పై లైన్లో హెచ్‌తో భాగించాం. సున్నాతో భాగించకూడదు కాబట్టి అక్కడ హెచ్ సున్నా కాదు. కింది లైన్లో మీరు దాన్ని సున్నా అంటారు. అది ఉందా మేడం, లేదా?"

నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. అదే బెంచీ నుంచి అదే ప్రశ్న. నోట్సులో ఎక్కడా రాసి లేని ప్రశ్న. ఎడమచెయ్యి అప్పుడు నన్ను సరిగ్గా ఇవే మాటలతో అడిగాడు. వాడు లెక్క రాక ఆగలేదు, జవాబు రాక నేను వాణ్ణి ఆపేశాను. ఇరవై ఆరేళ్ళుగా 'హెచ్ సున్నాకి దగ్గరవుతుంది' అని పుస్తకంలో వాక్యం అప్పజెబుతూ వచ్చాను. బట్టీ పట్టింది నూరు ఒక్కతే కాదు.

'ప్రతిదానికీ ఎందుకని' అన్న మాట నా పెదాల దాకా వచ్చేసింది. నేను తెచ్చుకోలేదు, దానంతట అదే వచ్చింది. నోరు నొక్కుకున్నాను.

"నాకు సరిగ్గా తెలీదమ్మా" అన్నాను. "ఆ నోట్సులో మాటలు నావే. అబద్ధం అవి. నాకు జవాబు తెలీక అన్నాను."

వాళ్ళ నాన్న వెనక బెంచీలో ఇబ్బందిగా కదిలాడు.

"నాకు మీ అక్షరాలు తెలీవు మేడంగారూ. మా పనిలోనూ అద్దం అచ్చంగా చీటీలో ఉన్నంతే రాదు. ఎంత తేడా ఉంటే ఒప్పుకుంటారో వాళ్ళనే చెప్పమంటాం. వెంట్రుకంత అంటే అంతలోపు తెస్తాం. అందులో సగమంటే ఇంకాస్త అరగదీస్తాం. ఎంత చెప్పినా అంతలోపుకి తేగలిగితే, ఆ అంకెకి మేం చెయ్యగలం అన్నట్టే."

నూరు తండ్రి వైపు తిరిగింది. లేచి బోర్డు దగ్గరికి వచ్చింది. ఎక్స్ బదులు మూడు వేసింది. హెచ్ పదోవంతైతే ఆరు పాయింట్ ఒకటి. వందోవంతైతే ఆరు పాయింట్ సున్నా ఒకటి. వెయ్యోవంతు, పదివేలో వంతు. రాసుకుంటూ పోయింది.

"హెచ్‌ని సున్నా చెయ్యనే అక్కర్లేదు మేడం! ఆరుకి ఎంత దగ్గరగా కావాలంటే అంత దగ్గరగా తెస్తాను. మీరు తేడా చెప్పండి, నేను హెచ్ చెప్తాను. ఆరు తప్ప ఇంకే అంకెకీ అలా కుదరదు."

"వెయ్యోవంతులో సగం" అన్నాను.

"హెచ్ అంతకన్నా చిన్నది. ఇంకా అడగండి."

అడుగుతూనే ఉన్నాను. ప్రతిసారీ చెప్పింది. బెల్లు కొట్టి పిల్లలు లోపలికి వచ్చేదాకా నాకు టైమే తెలీలేదు. సుద్ద ఏ చేత్తో పట్టుకుందో నేను గమనించలేదు.

ఫారం మీద సంతకం పెట్టలేదు. తప్పు నాదని హెడ్మాస్టరుగారికి ఉత్తరం రాసి, మళ్ళీ పరీక్ష పెట్టించాను. పేపరంతా కొట్టివేతలు. రెండు లెక్కలు తప్పు. నలభై ఒకటి వచ్చాయి. ఆ పేపరు తీసుకుంటూ నవ్విన నవ్వు పదిలో నూరు వచ్చిన రోజు కూడా నవ్వి ఉండదు.

వెళ్ళబోతూ ఆగి, ఆ నోట్సు ఎవరిదని అడిగింది. దాచకుండా చెప్పాను.

"మరి ఆయనకి ఎవరు చెప్తారు మేడం?"

ఆఫీసు రిజిస్టర్లో అడ్రసు ఉంది. స్కూలు నుంచి ఏడు నిమిషాల నడక. ఆ సాయంత్రం వెళ్ళి తలుపు కొట్టాను. తీసినవాడి జుట్టు అప్పుడే అక్కడక్కడా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను నోరు తెరిచేలోపే, క్లాసులో లేచినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"ఆపేశాను మేడం" అన్నాడు. "మీరు చెప్పినప్పట్నుంచి మళ్ళీ ముట్టుకోలేదు."

లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, రెండు ఎక్స్ ప్లస్ హెచ్ దగ్గర నుంచి మొదలుపెట్టాను.