తోక తోట అయిన పుస్తకం

బైండింగు నుంచి వచ్చిన కట్ట విప్పగానే గుప్పుమనే జిగురు, సిరా వాసనకి నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది, సంతోషంతోనే లెండి. ఆ వాసనతో భ్రమరాంబగారు గుర్తొస్తారు. విజయవాడ వన్ టౌన్‌లో నేను మొదట చేరిన ప్రచురణ సంస్థలో ఆవిడ పెద్ద ప్రూఫ్‌రీడరు. నోట్లో ఎండు ఉసిరి ముక్క లేకుండా ఆవిడ పేజీ తిప్పగా నేను చూడలేదు.

చేరిన మూడో నెలలో, పిల్లల కోసం వేసిన మానవ పరిణామం పుస్తకం కొత్త ముద్రణ నేనే దిద్దాను. అది బడులకు వెళ్లాక మంగళగిరి నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. మన పూర్వీకులు తోటలు పోగొట్టుకున్నారని వాళ్ల క్లాసులో సగం మంది పరీక్షలో రాశారట. తీసి చూస్తే, ‘క్రమంగా తోక పోయింది’ అని ఉండాల్సిన చోట ‘తోట పోయింది’ అని ఉంది. అడవి వదిలి వచ్చినవాళ్ల కథే కాబట్టి నాకు అనుమానం రాలేదు. ఓనరుగారు రేపటి నుంచి రావద్దన్నారు. ఎంతో తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం అది.

భ్రమరాంబగారు మాత్రం పాత ముద్రణలన్నీ తెచ్చి బల్ల మీద పరిచారు. దీనికి ముందుదాంట్లో తోట. అంతకు ముందుదాంట్లోనూ తోటే. ఒక్కోటీ తెరిచేకొద్దీ ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా ఉద్యోగం పోతుంటే ఈవిడ సంబరమేమిటని నాకు ఒళ్లు మండింది.

"ఇలా చూడమ్మా," అన్నారావిడ. "సి విటమిన్ తయారుచేసే జన్యువు మనకీ చింపాంజీకీ ఒకేలా పాడైంది. అందుకే నేనీ ఉసిరికాయలు తింటున్నా. ఇద్దరిలోనూ ఒకటే తప్పుందంటే, ఇద్దరూ ఒకే ప్రతిలోంచి దిగినట్టే గదా."

అచ్చుతప్పు పట్టుకుని పుస్తకానికే కాదు, మనిషికీ వంశవృక్షం గీయొచ్చన్నమాట! నేను ఉద్యోగం సంగతి మరిచిపోయి బల్ల మీదికి వాలిపోయాను. ఇద్దరం పోటీపడి పేజీలు తిప్పాం.

చివరికి మొదటి ముద్రణ దొరికింది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చిన కాలం నాటిది. అందులోనూ తోటే. ఆవిడ ఉసిరి ముక్క నమలడం ఆపేశారు. ఆ రోజుల్లో దిద్దినవాళ్ల పేరు పుస్తకంలో వేసేవారు కాదు. దాన్ని ఎవరు దిద్దారో ఆవిడకి ఒక్కరికే తెలుసు. లేచి తిన్నగా ఓనరుగారి గదిలోకి వెళ్లారు.

"ఈ పిల్లకి వారసత్వంగా వచ్చిన తప్పండీ ఇది. పుట్టించింది నేను. పంపించాలంటే నన్ను పంపించండి."

ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి, మిగిలిన ప్రతులన్నిటికీ తోకలు అతికించమన్నారు. చిన్న కాగితం ముక్కల మీద ‘తోక’ అని అచ్చువేయించి, నవ్వుకుంటూ వారం రోజులు అతికించాం.

ఇప్పుడు నేను దిద్దే ప్రతి పుస్తకంలోనూ నా పేరు వేయించుకుంటాను. గొప్ప కోసమని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఎన్నేళ్లకైనా అందులో తప్పు బయటపడితే, ఏ కొత్త పిల్లనో రావద్దనే ముందు నా దగ్గరికి రావాలి.