నల్లుల మందు పెట్టిన ఆదివారం

మడివాళలో ఆ ఆడపిల్లల పీజీ హాస్టలుకు వంటమనిషి అక్కయమ్మ. ముళబాగిలు పక్క పల్లె. మొగుడు పోయినాక బెంగళూరొచ్చి, పీజీలోనే వంటింటి పక్కన మెట్ల కింది గదిలో కాపురం పెట్టింది. ఎలక్ట్రానిక్ సిటీ బస్సు అందుకోవాల్సిన పిల్లలకు పొద్దున్నే దోసెలు పోసేదీ ఆమే, వాళ్ల మంచాల్లో నల్లుల మీద యుద్ధం చేసేదీ ఆమే. పరుపులు మిద్దె మీద ఎండకేసి కర్రతో బాదేది. మంచం సందుల్లో కాగే నీళ్లు పోసేది. ఈ గదిలో చస్తే ఆ గదిలో పుట్టేవి.

"అక్కయమ్మా, నల్లులు కూడా అడ్వాన్స్ కట్టి దిగుతున్నాయా ఏంది?" అనేది అనంతపురం పిల్ల హరిణి.

"వాటికి అడ్వాన్సేంది తల్లీ! మీ రగతం తాగి, మిమ్మల్నే ఖాళీ చేపిస్తాయి."

అన్నంత పనీ అయింది. 2004 ఎండాకాలంలో నల్లుల బాధ పడలేక ఇద్దరు పిల్లలు వేరే పీజీకి పోయినారు. ఓనరు ప్రేమకుమారికి దడ పుట్టింది. లైసెన్సు లేని మందువాణ్ణొకణ్ణి మాట్లాడింది. ధాన్యం గోదాముల్లో పెట్టే విషపు బిళ్లలు గదుల్లో పెట్టి తలుపులు బిగిస్తాడంట. వాటి గాలికి నల్లి కాదు, మనిషే బతకడు. ఆదివారం పొద్దున ప్రేమకుమారి గదిగదికీ పోయి, సాయంత్రం దాకా ఎవరూ లోపల ఉండొద్దని గట్టిగా చెప్పింది. వంటింటి వైపు మాత్రం రాలేదు.

పిల్లలంతా వెళ్లిపోతే, ఆదివారం కదా, తిరగడానికి పోయినారనుకుంది అక్కయమ్మ. సెలవులకొచ్చిన మనవరాలు చైత్రను పక్కలో వేసుకుని మెట్ల కింద నడుం వాల్చింది. మందువాడొచ్చి గదుల్లో బిళ్లలు పెట్టి పోయింది కూడా తెలీలేదు. కాసేపటికి వెల్లుల్లి వాసన. 'వంటింట్లో తెల్లగడ్డలు కుళ్లినట్లుండాది, లేచి చూస్తాలే' అనుకుంది. పుట్టినప్పటినుంచీ పొయ్యి ముందర ఉన్న మనిషికి తెల్లగడ్డ వాసనంటే భయమెందుకేస్తుంది? అది తలుపు సందుల్లోంచి పాకి వస్తున్న మందు గాలి అని ఎవరు చెప్పినారు గనక?

"అవ్వా, కడుపులో తిప్పుతాంది," అంది చైత్ర. అని భళ్లున కక్కింది. ఎత్తుకుందామంటే అక్కయమ్మ కాళ్లు లేవలేదు. గొంతు చించుకుని అరిచింది.

మరిచిపోయిన పర్సు కోసం అప్పుడే వాకిట్లో కాలు పెట్టిన హరిణి ఆ అరుపు విని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, ఇద్దర్నీ వీధిలోకి ఈడ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే బిడ్డ దక్కేది కాదన్నాడు డాక్టరు.

పొద్దుగూకే వేళకు ప్రేమకుమారి ఆసుపత్రికి వచ్చింది. "నువ్వు లోపలుండావని నాకేం తెలుసు అక్కయమ్మా? అందరికీ చెప్తినే!"

ఎనిమిదేండ్లు ఈమె కంచంలో అన్నం వడ్డించింది అక్కయమ్మ.

"అందరూ అంటే ఎవురమ్మా?"

ప్రేమకుమారి మొహం తిప్పుకుంది. "పాప బాగుంది కదా, ఇంకెందుకు రాద్ధాంతం? అవునూ, రేపటికి ఇడ్లీకి నానేసినావా?"



మర్నాడు ఆసుపత్రి నుంచే అక్కయమ్మ చైత్రను వెంటబెట్టుకుని, హరిణి తోడు రాగా పోలీసు స్టేషనుకు పోయింది. "మందు పెట్టినప్పుడు ఇల్లంతా ఖాళీ అంటాండాదే మీ ఓనరమ్మ?" అన్నాడు ప్రేమకుమారికి ఫోన్ చేసి కనుక్కున్న రైటరు.

"ఖాళీ ఎట్లయితాదప్పా?" అక్కయమ్మ చైత్రను ముందుకు లాక్కుంది. "ఇద్దరం ఉంటిమి. నేను అక్కయమ్మ. ఇది నా కొడుకు బిడ్డ చైత్ర. రాసుకో."