అన్న బట్టకు నేను వేసిన తాళం

మా అన్నకు సిరిసిల్లలో ఎనిమిది సాంచలు ఉండేవి. మరమగ్గాలను మా దగ్గర సాంచలనే అంటారు. నేను జగిత్యాలలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతాను. వెబ్‌సైట్ ఎలా తయారు చేయాలో ఏటా రెండు బ్యాచ్‌లకు నేర్పుతాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

ఆ ఏడు పాలిస్టర్ పని ఆగిపోయింది. నాలుగు నెలలు సాంచలు చప్పుడు లేకుండా పడున్నాయి. అన్న చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కాటన్ నూలు తెచ్చి, సాంచలకు డిజైను వేసే డాబీలు బిగించి, తన బుర్రలోంచి ఒక దుప్పటి తీశాడు. మధ్యలో సన్న గళ్లు, అంచున మెట్లలాంటి గీతలు. నాలుగు దుప్పట్లు వేములవాడలో తెలిసిన లాడ్జీకి ఇచ్చాడు, ఉతికి చూడమని. నెల రోజులు ఉతికినా రంగు దిగలేదు.

దర్శనానికి వచ్చి ఆ లాడ్జీలో దిగిన ఒకాయన ఆ దుప్పటి ఎవరిదని అడిగాడట. హైదరాబాద్‌లో హోటళ్లకు బట్ట సరఫరా చేసే కంపెనీ మనిషి. లాడ్జీ ఫోన్‌లోనే అన్నతో మాట్లాడాడు. వాళ్ల ఆఫీసులో నలుగురు కలిసి చూడాలి, వెబ్‌సైట్ ఉంటే మెయిల్ పెట్టండి అన్నాడు. ఉందని అన్న చెప్పేసి, ఆ వెంటనే నాకు ఫోన్ చేశాడు.

"చెల్లె, మనకు వెబ్‌సైట్ గావాలె. గిది కుదిరితే సాంచలు నిలుస్తయ్. లేకుంటె ఆషాఢంల తుక్కుకే."

వెబ్‌సైట్ అంటే ముందుగది. దాని వెనకగది ఒకటి ఉంటుంది. ఫొటోలు పెట్టడం, మాటలు మార్చడం, ఎవరు వచ్చారో చూడడం అంతా అక్కడే. దాన్నే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటాం. అలాంటివి బజారులో బోలెడు. ఏది తీసుకోవాలన్నది అప్పటికి నాకు ఒక ప్రశ్నలాగే అనిపించలేదు. నేను పాఠం చెప్పేదే తీసుకుంటాను, అంతే. అయినా కోరుట్లలో నాతో చదువుకున్న ఒక స్నేహితురాలు ఉంది. దుకాణాలకు సైట్లు చేసి పెడుతుంది. నా గొప్ప నాలుగు మాటల్లో చెప్పుకుందామని ఒక ఆదివారం ఆమె దగ్గరికి పోయాను.

నేను చెప్పిందంతా విని ఆమె ఒకటే అడిగింది.

"రోజు దాంట్ల కూసునేది ఎవలే?"

"నేనే" అన్నాను.

"నువ్వు జగిత్యాలల ఉంటవ్. బట్ట సిరిసిల్లల ఉంటది. అన్నకు ఇంగ్లీష్ రాదు. మరెట్ల?" అంటూ తన ఫోన్ తీసి ఒక చిన్న సిస్టమ్ చూపించింది. "ఇది ఫోన్ల నడుస్తది, తెలుగుల నడుస్తది. ఫొటో తీసి పెడితే అయిపాయె. ఎవలన్న అడిగితే సీదా అన్న ఫోన్‌కే అస్తది."

"దీంట్ల తాళం ఉంటదా?"

"తాళం ఏందే? దుకాణమని బోర్డు పెట్టి షటర్ దించుతమా?"

తాళం కావాలన్నది అన్న. అందులో అన్న తప్పు ఏమీ లేదు. మా గల్లీలో ఒక సాంచ మీద కొత్త డిజైను దిగిందంటే, వారం తిరిగేలోపు పది ఇళ్లలో అదే ఆడుతుంది. అంతకు ముందు అన్న ఒక తువ్వాలకు కొత్త అంచు కట్టాడు. మొదటి బట్ట తాను బయటికి పోయిన ఎనిమిదో రోజుకు ఎదురింటి అరుగు మీద అదే అంచు ఎండలో ఆరుతోంది. అందుకే మావాళ్లు కొత్త బట్టను సంచిలో చుట్టుకుని తీసుకుపోయి, కొనేవాడికి ఒక్కడికే విప్పి చూపిస్తారు. "నేను ఒప్పుకున్నోళ్లే చూడాలె చెల్లె" అన్నాడు అన్న. నేను పాఠం చెప్పే పెద్ద సిస్టమ్‌లో ఆ తాళం ఉంది. చూడదలచినవాళ్లు పేరు, మెయిల్ ఇచ్చి అడగాలి. మనం ఒప్పుకుంటే తలుపు తెరుచుకుంటుంది.

కోరుట్ల నుంచి వచ్చేటప్పుడు బస్సులో నాకు కోపంగా ఉంది. పదేళ్లుగా పాఠాలు చెప్పేదాన్ని, నాకు పిల్లలు ఆడుకునే సిస్టమ్ అంటగడుతుందా అనుకున్నాను. నాకున్న రోగం అదే. ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే ముందు కోపం వస్తుంది, బుద్ధి తీరిగ్గా వస్తుంది.

మూడు రోజుల్లో సైట్ నిలబెట్టాను. బాగా చేశాను, అబద్ధమెందుకు. ముందు పేజీలో సాంచల ఫొటో, మడతపెట్టిన ఒక దుప్పటి, కింద నాలుగు వాక్యాలు. ఆ దుప్పటీ, అదే వరసలో అన్న వేసిన మిగతా డిజైన్లూ అన్నీ తాళం లోపల. తొందరలో ఫోన్ నంబరున్న పేజీని కూడా లోపలే పెట్టాను. సైట్ కోసం ఒక కొత్త మెయిల్ తెరిచి, చూడనిమ్మని అడిగేవాళ్ల కబురు దానికి వచ్చేలా చేశాను. దాన్ని నా ఫోన్‌కు కలపాలి. రేపు కలుపుదాం అనుకున్నాను. తెల్లారితే ఇన్‌స్టిట్యూట్‌లో ప్రాక్టికల్ పరీక్షలు.

హైదరాబాద్ ఆయనకు లింకు మాత్రం నా సొంత మెయిల్ నుంచి పంపాను. ఇక ఆ సొంత మెయిల్‌నే చూస్తూ కూర్చున్నాను. పరీక్ష హాల్లో చూశాను, అన్నం కలుపుతూ చూశాను. పొద్దున్నే అన్న ఫోన్.

"అచ్చిందా?"

"ఇంకా రాలే అన్నా."

మొదటి వారం ఆ "అచ్చిందా"లో హుషారు ఉండేది. రెండో వారం నెమ్మదించింది. మూడో వారం అన్న అడగడం మానేసి, పిల్లల సంగతీ ఎండల సంగతీ మాట్లాడి ఫోన్ పట్టుకునే ఉండేవాడు. ఇంకొక మెయిల్ పెడతానన్నాను.

"వద్దు చెల్లె. చూపిచ్చిన బట్ట గురించి మల్ల మల్ల అడిగితే సరుకు పోతలేదనుకుంటరు. నచ్చితే ఆళ్లే అంటరు."

మావాళ్ల పద్ధతి అది. నేనూ ఊరుకున్నాను.

అప్పటినుంచి అన్న, తప్పు బట్టలో ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. ఒక శనివారం నేను పోయేసరికి దుప్పటిని వాకిట్లో పరిచి, బొటనవేలితో అంచు వెంబడి నొక్కుతూ పోతున్నాడు. "ఈడ నూలు వదులైంది" అన్నాడు. నాకు ఏమీ కనిపించలేదు. తర్వాత గళ్లు పెద్దగా ఉండాల్సిందన్నాడు. ఆ తర్వాత అసలు తనకు కాటన్ రాదన్నాడు. పదిహేనేళ్ల వయసు నుంచి సాంచ నడిపిన మనిషి, తనకు పని రాదని వదినతో చెబుతుంటే విన్నాను.

ఆషాఢంలో లారీ వచ్చింది. సాంచను నిలువునా ఎక్కించరు. పోత ఇనుమును సుత్తెలతో పగలగొట్టి ముక్కలుగా ఎక్కిస్తారు. అన్న లోపలికి రాలేదు, గల్లీ చివర నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉండి ఎనిమిదింటినీ చూశాను. దొంగ ఏడుపు కాదు నాది, కానీ అప్పటికి దేనికి ఏడవాలో నాకు పూర్తిగా తెలియదు.

పది రోజుల తర్వాత, ఇక సైట్ ఎందుకని మూసేయడానికి వెనకగదిలోకి వెళ్లాను. ఒక మూలన ఎర్ర అంకె ఉంది. ఐదు. నొక్కాను.

అందరూ ఆ కంపెనీవాళ్లే. నేను లింకు పంపిన మర్నాడే నలుగురూ పేర్లు, మెయిళ్లు ఇచ్చి చూడనిమ్మని అడిగారు. ఐదోది పన్నెండు రోజుల తర్వాత, ఆ వేములవాడ వచ్చినాయనే మళ్లీ సైట్‌లో అడిగే చోటనే రాసింది. అక్కడ చూసిన దుప్పటి మాకు చాలా నచ్చింది, మిగతా డిజైన్లు చూడడానికి దయచేసి అనుమతి ఇవ్వగలరు అని. ఆ తర్వాత ఇంకేమీ లేదు. అప్పటికప్పుడు ఆయనకు మెయిల్ రాశాను. వేరే ఊరివాళ్లతో కుదుర్చుకున్నామని గంటలో మర్యాదగా జవాబు వచ్చింది.

ఆ రాత్రంతా ఒకటే ఆలోచన, చెప్పకపోతే ఏమవుతుంది అని. ఏమీ కాదు. సాంచలు తిరిగి రావు. నా పరువు నిలుస్తుంది. అన్న మాత్రం బతికినన్నాళ్లు తన బట్ట బాగాలేదనే అనుకుంటాడు. తెల్లారి మొదటి బస్సుకే సిరిసిల్ల పోయాను.

అన్న అప్పటికే వేరేవాళ్ల షెడ్డులో కూలికి సాంచలు నడుపుతున్నాడు. చాయ్ వేళకు బయటికి వచ్చాడు. చొక్కా మీద నూలు దూది. గోడ పక్కన నిలబెట్టి అంతా చెప్పాను. తాళం సంగతి, నంబరు సంగతి, రేపు కలుపుదామనుకున్న మెయిల్ సంగతి. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలనే కోరుకున్నాను.

"ఆయన ఏం రాసిండో సదువు" అన్నాడు అన్న.

చదివాను.

"ఇంకోసారి సదువు."

మళ్లీ చదివాను. అన్న కళ్లు తుడుచుకున్నాడు.

"అంటె బట్ట మంచిగనే ఉండెనా చెల్లె?"

"మంచిగనే ఉండె అన్నా."

జేబులోంచి ఫోన్ తీసి వదినకు చేశాడు. "బట్టల ఏం తప్పు లేదంటనే" అని చెప్పాడు. మరెట్లయిందని ఆమె అడిగినట్టుంది. "ఏమో, అయింది" అని పెట్టేసి, నన్ను అన్నం తిని పొమ్మని చెప్పి, షెడ్డులోకి పోయాడు.